మన పల్లెలో సైన్స్ ఫిక్షన్ కథ జరగకూడదా?

సోంపేట_టీచరమ్మ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. బళ్ళో ఫిజికల్ సైన్స్ చెబుతాను. కథలు రాయడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఇప్పుడు రాస్తున్నది సైన్స్ ఫిక్షన్. ఈరోజు మా మగవాళ్ళు చేపల వేటకని గుజరాత్‌లో వెరావల్ దాకా వెళ్తున్నట్టే, ఇంకో డెబ్బై ఏళ్ళకి అంగారకుడి మీద గనుల్లో పనికి కాంట్రాక్టు మీద వెళ్తారు. కథంతా ఇక్కడ ఉండిపోయిన భార్య వైపు నుంచి చెప్పాను. ఆమె పేరు పైడమ్మ.

తెలిసినవాళ్ళకి చదివి వినిపించాను. అందులో బాగా చదువుకున్న పెద్దాయన ఒకరు "సైన్స్ ఫిక్షన్‌కి ఒక వాతావరణం కావాలమ్మా. చేపలెండబెట్టుకునే ఇసకలో రాకెట్ అతకదు. ఊరైనా మార్చు, రాకెట్టైనా తీసెయ్" అన్నారు. ఇంకొకరు "ముందు నాలుగు ఇంగ్లీషు సినిమాలు చూసి రా" అన్నారు. అప్పటినుంచి కలం ముందుకి కదలడం లేదు.

నిజంగానే అతకదా? సైన్సు ఎంతవరకు చెప్పాలి? సినిమాలు చూస్తే కథ రాయడం వస్తుందా? సిగ్నల్ మాస్టారు ఇక్కడికి వస్తుంటారని తెలుసు. ఆయన కథలు చదివాకే నాకు ఇటువైపు మనసు పోయింది. వీలు చూసుకుని చెప్పండి మాస్టారూ.

విజయనగరం_సిగ్నల్:

అమ్మా, ఊరు మార్చొద్దు. రాకెట్టూ తీయొద్దు. పైడమ్మ పేరు కూడా అలాగే ఉంచండి.

అతకదన్న మాటకి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ మాట నేనూ చాలా విన్నాను. 1896లో కలకత్తాలో ఒక తలనూనె కంపెనీ కథల పోటీ పెట్టింది. కథలో వాళ్ళ కుంతలీన్ నూనె ప్రస్తావన రావాలి. జగదీశ్ చంద్ర బోస్, అవును, మొక్కల మీద ప్రయోగాలు చేసిన ఆ బోసే, ఒక కథ రాసి బహుమతి తెచ్చుకున్నారు. బంగాళాఖాతంలో తుపాను. కలకత్తా మీద పడుతుందని అందరూ వణికిపోతుంటే అది ఉన్నట్టుండి మాయమైపోతుంది. కారణం ఎవరికీ అంతుపట్టదు. తీరా చూస్తే, ఓడలో వెళ్తున్న ఒకాయన సీసాడు తలనూనె సముద్రంలో పోశాడు. నూనె పొర పరుచుకుని అలలు అణిగాయి. నూనె చిన్న అలల్ని అణచడం నిజమే, ఓడవాళ్ళకి ఎప్పటినుంచో తెలిసిన సంగతి. దాన్ని ఆయన తుపాను దాకా సాగదీశారు, అది కల్పన. ఆ తుపాను మన సముద్రంలోదే. నూరేళ్ళ పైచిలుకు కిందటే మన నీళ్ళలో, స్నానాల గదిలో ఉండే సీసాతో సైన్స్ ఫిక్షన్ జరిగిపోయింది. మీ ఇసకకి ఎందుకు అతకదు?

ఇంక నా సంగతి. 1979 జులైలో నేను చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో ఉండి హైస్కూలు చదువుతున్నాను. స్కైలాబ్ మన నెత్తిన పడుతుందని ఊరూరా పుకారు. డెబ్బై టన్నులకు పైబడిన అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం కిందికి దిగిపోతోందన్నది రేడియో చెప్పిన నిజం. అది ఎక్కడ పడేదీ ముందుగా ఎవరూ చెప్పలేకపోయారు. మిగతాదంతా ఊరు కల్పించుకుంది. పండక్కని దాచిన పుంజుని మా నాయనమ్మ కోసేసింది. "పోయినోళ్ళం ఎలాగూ పోతాం, గుంటలు తిని పోనీ" అంది. గుంటలంటే మా వైపు పిల్లలు. పక్కింటాయన అప్పు చేసి మరీ పిల్లలందరికీ కొత్త బట్టలు కుట్టించాడు. జులై 11న స్కైలాబ్ ముక్కలై హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. మా ఊరికి ఏమీ కాలేదు. కానీ ఆ తరవాత నెలలపాటు పక్కింట్లో అప్పు తాలూకు తగువు నడిచింది. ఆ వీధిలో ఎవరూ స్కైలాబ్‌ని కళ్ళతో చూడలేదు, దాని మూలంగా వచ్చిన వడ్డీ మాత్రం కట్టారు. నేను ఇన్నేళ్ళుగా రాస్తున్నది ఆ వడ్డీ గురించే.

మీ కథకి ఇంకా దగ్గరది ఒకటుంది. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకు వెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుని జైల్లో పెట్టారు. వాళ్ళు వాఘా దాటి వచ్చేసరికి 2020 జనవరి. ఏడాదికి పైగా ఆ ఇళ్ళలో ఏం వండుకున్నారు, పిల్లల ఫీజు ఎవరు కట్టారు, అప్పులవాడికి ఏం చెప్పి పంపారు, ఇవి మీ తీరంలో తిరిగే మీకు తెలిసినంత ఏ దేశపు దర్శకుడికీ తెలియవు. అంతరిక్ష ప్రయాణం అంటే అసలు విషయం దూరం. దూరం వల్ల మాట ఆలస్యంగా రావడం. ఆలస్యంగా వచ్చే మాటని నమ్ముకుని ఇల్లు నడపడం. ఇది మన జిల్లాలకి కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

మా ఆవిడ నా కథలకి మొదటి పాఠకురాలు. ఒకసారి ఒక శాస్త్రవేత్త కథ చదివించాను. అతను రాత్రనక పగలనక ల్యాబు వదలడు. ఆమె చదవడం ఆపి "ఈయనకి క్యారేజీ ఎవరు తెచ్చేవారు?" అంది. ఆ ప్రశ్నతో క్యారేజీ తెచ్చే కుర్రాడు పుట్టాడు. ల్యాబులో ఏం జరుగుతోందో లోకంలో అందరికంటే ముందు తెలిసినవాడు వాడే అయ్యాడు, కథ వాడిదైపోయింది. అప్పటినుంచి ఏ సైన్స్ ఫిక్షన్ చదివినా, చూసినా నేను అడిగేది అదే. ఆరోజు ఆ ఇంట్లో వంట ఎవరు చేశారు? కొత్త యంత్రం వచ్చాక ఎవరి పని తగ్గింది, ఎవరి పని పెరిగింది? దీనికి జవాబు దొరికే కథ ఎన్నేళ్ళయినా నిలుస్తుంది. దొరకని కథలో యంత్రం పాతబడగానే కథా పాతబడుతుంది.

సైన్సు ఎంత చెప్పాలన్నారు. నేను రైల్వేలో సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సింగిల్ లైను మీద, అంటే రానూ పోనూ ఒకే పట్టాలున్న చోట, బళ్ళు ఎదురుపడకుండా పూర్వం టోకెన్ బంతి ఉండేది. అటు స్టేషన్లో ఒక యంత్రం, ఇటు స్టేషన్లో ఒక యంత్రం, రెంటినీ కలుపుతూ కరెంటు తీగ. ఒక బంతి బయటికి వచ్చిందంటే, అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండో బంతి రాదు. బంతి చేతికి రాకుండా డ్రైవరు బండి కదపడు, బండిలో ఎంత పెద్దమనిషి ఉన్నా సరే. కథలో సైన్సు నాకు ఆ బంతి. మీరొక నియమం పెట్టుకున్నారంటే చివరిదాకా అది అందరికీ ఒకటే. హీరోకి తొందరగా ఉందని రెండో బంతి తీయకూడదు. సైన్స్ ఫిక్షన్‌లో నాకు కోపం తెప్పించేది ఇదొక్కటే: ఆపద ముంచుకొచ్చేసరికి రచయిత అంతవరకూ చెప్పని కొత్త శక్తి ఒకటి జేబులోంచి తీస్తాడు. దానికంటే తప్పు లెక్క ఉన్న కథ నయం.

ఇక పాఠకుడికి ఎంత చెప్పాలి? పైడమ్మకి తగిలినంత. రాకెట్‌లో ఏ ఇంధనం పోస్తారో ఆమెకి అక్కర్లేదు. మొగుడి మాట ఎప్పుడొస్తుందో, మొగుడు ఎప్పుడొస్తాడో కావాలి. ఆ రెండూ మాత్రం మీరు చాలా కచ్చితంగా లెక్క కట్టాలి.

బొబ్బిలి_కెమెరా:

మాస్టారూ, నమస్తే. నేను షార్ట్ ఫిల్ములు తీస్తుంటాను. మీరు చెప్పింది కథకి సరిపోతుంది. సినిమాకి మాత్రం నేను ఒప్పుకోలేను. చూసేవాడికి ముందు కళ్ళు తిరగాలి. అంగారకుడి ఎర్రమట్టి, రాకెట్ మంట, ఇవి లేకుండా చేపలు ఎండబెట్టే ఆవిడని గంటసేపు చూపిస్తే హాల్లో ఎవడూ ఉండడు. మన దగ్గర సైఫై రాకపోవడానికి కారణం డబ్బు, ఊరు కాదు. టీచరుగారికి కూడా చెబుతున్నా, సినిమాలు చూడండి. దృశ్యం ఎలా కట్టాలో అక్కడే తెలుస్తుంది.

విజయనగరం_సిగ్నల్:

బాబూ, డబ్బు సంగతి ఒప్పుకుంటాను. కళ్ళు తిరగాలన్న చోట మాత్రం ఆగుతాను.

1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ చంద్రుడి మీదికి వెళ్ళే కథతో మూకీ సినిమా తీశాడు. రాకెట్ ఎగరబోతోంది. మాట లేదు, చప్పుడు లేదు. ప్రేక్షకుడికి టెన్షన్ ఎలా పుట్టించాలి? అంకెలు వెనక్కి లెక్కపెట్టించాడు. నిజం రాకెట్లకి అప్పటికి కౌంట్‌డౌన్ లేదు. ఈరోజు శ్రీహరికోటలో ప్రయోగం జరిగితే మనందరం ఊపిరి బిగబట్టి వినే ఆ లెక్క సినిమాలో పుట్టింది. ఆ దృశ్యానికి ప్రాణం పోసినవి తెర మీద రాసిన అంకెలు. అంకెలకి ఎంత ఖర్చవుతుంది?

1968లో కుబ్రిక్ తీసిన 2001: ఎ స్పేస్ ఒడిస్సీ చూసే ఉంటావు. వ్యోమగామి ఓడ బయటికి వెళ్తే ఇంజన్ల హోరు వినపడదు, సూటు లోపల అతని ఊపిరి వినిపిస్తుంది. గాలి లేనిచోట చప్పుడు ఉండదన్నది హైస్కూలు పాఠం. ఆ పాఠానికి కట్టుబడినందువల్లే ఆ దృశ్యంలో భయం వచ్చింది. చాలా సినిమాలు అదే చోట డబ్బు పోసి ఢాం ఢాం అనిపిస్తాయి. ఆ డబ్బు నా దృష్టిలో దండగ.

మన ఆదిత్య 369 తీసుకో. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు కాలయంత్రాన్ని రాయలవారి సభకీ పంపారు, భవిష్యత్తుకీ పంపారు. మా వీధిలో ఎవర్ని అడిగినా రాయల సభే చెబుతారు. భవిష్యత్తు కోసం సెట్టింగులు వేయకపోలేదు, అవీ బాగానే ఉంటాయి. కానీ రాయలు, తెనాలి రామకృష్ణుడు మనకి చుట్టాల్లాంటివాళ్ళు. వాళ్ళ ముందుకి మన కాలం కుర్రాడు వెళ్ళి నిలబడితే ఏం మాట్లాడతాడోనని మనకి ఆత్రం. ఆ సినిమాకి ఆయువుపట్టు ఆ ఆత్రమేనని నేను గట్టిగా నమ్ముతాను. చూసేవాడికి తనవాళ్ళనిపించే మనుషులుండాలి. ఆ తరవాతే యంత్రం.

అందుకని టీచరమ్మగారికి నా మాట: సినిమాలు తప్పకుండా చూడండి, ఎక్కడ ఆపాలో నేర్పుతాయి. రాయడానికి మాత్రం కథలే చదవాలి, అందులోనూ సైన్సు ఊసు లేనివి. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది కదా, కథారచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన తెలుగు కథల లైబ్రరీ. సెలవు రోజు చూసుకుని వెళ్ళి పాత పత్రికలు ముందేసుకుని కూర్చోండి. ఆ మాస్టారి కథ 'యజ్ఞం' ఎన్నిసార్లు చదివినా మళ్ళీ చదవండి. ఒక అప్పు ఒక ఊరిని ఎంత దూరం తీసుకెళ్తుందో అందులో ఉంది. మా విజయనగరం చాసో (చాగంటి సోమయాజులు) కథలూ చదవండి. ఒక్క వాక్యం ఎక్కువ ఉండదు. వాళ్ళు రాసిన మనుషుల్ని అంగారకుడి మీదికి పంపితే ఏమవుతుందన్నదే మన పని.

పలాస_కుర్రోడు:

నేను పలాస వాడిని. ప్రస్తుతం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. టీచరుగారూ, మీ లెక్కకి సాయపడతాయేమోనని కొన్ని విషయాలు రాస్తున్నా.

అంగారకుడు మనకి దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 5.5 కోట్ల కిలోమీటర్లు, దూరంగా ఉన్నప్పుడు 40 కోట్లు. వెలుతురు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి అక్కడి మాట ఇక్కడికి చేరడానికి 3 నిమిషాల నుంచి 22 నిమిషాలు పడుతుంది. అంటే ఫోన్లో కబుర్లాడుకోవడం కుదరదు. 'తిన్నావా' అని అడిగితే 'ఆఁ' అని రావడానికి ఒక్కోసారి ముప్పావుగంట. వాయిస్ మెసేజీలే దిక్కు. 1977లో బయల్దేరిన వాయేజర్ 1 అయితే ఇప్పుడు ఎంత దూరంలో ఉందంటే, దాని సిగ్నల్ మనకి చేరడానికి 23 గంటలు దాటుతోంది.

ఇంకోటి. భూమీ అంగారకుడూ అనువైన చోట్లకి వచ్చేది 26 నెలలకోసారి. ఇప్పటి రాకెట్లతో ప్రయాణం ఏడెనిమిది నెలలు. వెళ్ళినవాడు నచ్చినప్పుడు రాలేడు, తిరుగు దారి తెరుచుకునేదాకా అక్కడ ఏడాదిన్నర దాకా ఆగాలి. అన్నీ కలిపితే మూడేళ్ళకి దగ్గర. ఆ దారి తప్పిపోతే మళ్ళీ 26 నెలలు. పైగా అంతే కాలానికోసారి సూర్యుడు మధ్యలోకి అడ్డం వస్తాడు. అప్పుడు రెండు వారాలపాటు అక్కడి యంత్రాలకి ఆదేశాలు పంపడం ఆపేస్తారు.

ఆ రెండు వారాలు చదివినప్పుడు నాకు తిత్లీ గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తుపాను మా పక్కన తీరం దాటింది. కరెంటు పోయింది, టవర్లు పనిచేయలేదు. నేను బెంగళూరులో, అమ్మానాన్నా ఊళ్ళో. మాట అందలేదు. కొబ్బరీ జీడీ నేలకొరిగాయని టీవీలో చూస్తున్నాను, మా ఇల్లు ఉందో లేదో మాత్రం తెలియదు. పైడమ్మ ఎలా ఉంటుందో నాకు తెలుసండీ.

చివరిగా ఒకటి, రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నా. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న ప్రాంతం. మా మావయ్య డయాలసిస్ మీద ఉన్నారు. మీ గని కంపెనీ పనివాళ్ళకి హెల్త్ టెస్టు పెడుతుంది కదా. బరువు తెలియని చోట ఎముకల్లోంచి కాల్షియం పోతుంది, వ్యోమగాములకి కిడ్నీలో రాళ్ళు వచ్చే ప్రమాదం ఎక్కువ. మరి మావాళ్ళని తీసుకుంటారా?

విజయనగరం_సిగ్నల్:

బాబూ, రాసి మంచి పని చేశావు. మీ మావయ్యగారు కులాసాగా ఉండాలి.

టీచరమ్మగారూ, మీ కథ ఈ చివరి ప్రశ్నలో ఉంది. నేనైతే దీన్ని వదలను. ఉద్దానంలో క్రియాటినిన్ అన్న మాట, అంటే కిడ్నీ ఎలా ఉందో రక్తపరీక్షలో చెప్పే లెక్క, బడికి వెళ్ళని ముసలమ్మకి కూడా తెలుసు. ఎంత ఉంటే ఏమిటో కూడా చెబుతుంది. ఆ జబ్బు ఎందుకొస్తోందో ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. డెబ్బై ఏళ్ళ తరవాతైనా తేలిందో లేదో మీ కథలో మీరు నిర్ణయించాలి, అది చిన్న నిర్ణయం కాదు. తేలకపోతే, మనిషిని అంగారకుడి మీదికి పంపగలిగిన లోకం ఉద్దానంలోని కవిటి నీళ్ళలో ఏముందో, మట్టిలో ఏముందో చెప్పలేకపోయిందన్నమాట. ఆ కోపాన్ని ఉపన్యాసంగా రాయకండి. కంపెనీ వాళ్ళు ఊళ్ళో టెంటు వేసి రక్తం తీసుకునే రోజు ఒకటి రాయండి చాలు. వరసలో ఎవరు నిలబడ్డారు, ఎవరు నిలబడలేదు, రిపోర్టు కాగితం మడిచి ఎవరు జేబులో పెట్టుకున్నారు. పరీక్ష పాసయ్యే తమ్ముడి రక్తాన్ని వాళ్ళన్నయ్య పేరు మీద ఇచ్చారా? అలా వెళ్ళినవాడికి అక్కడ నొప్పి వస్తే ఎవరికి చెప్పుకుంటాడు?

పలాస బాబు చెప్పినవాటికి నేను ఒకటి కలుపుతాను, గడియారాల మధ్య బతికినవాణ్ణి కనక. అంగారకుడి రోజు మన రోజు కంటే దాదాపు 40 నిమిషాలు పెద్దది. ఈరోజు మొగుడికీ పెళ్ళానికీ ఒకేసారి తెల్లవారిందనుకోండి. రేపు అతనికి 40 నిమిషాలు ఆలస్యం, ఎల్లుండి గంటా ఇరవై. పద్దెనిమిది రోజులయ్యేసరికి ఆమెకి పొద్దుగూకే వేళ అతను నిద్ర లేస్తాడు. 36 రోజులకి మళ్ళీ ఇద్దరికీ తెల్లవారడం దగ్గర దగ్గరగా కలుస్తుంది. నేను నైట్ డ్యూటీలు చేసిన రోజుల్లో వారం మారితే మా ఇంట్లో భోజనాల వేళలు మారిపోయేవి. పిల్లలు నన్ను చూసేది ఆదివారమే. ఇక్కడ వేళలు మార్చేది డ్యూటీ చార్టు కాదు, గ్రహం. పైడమ్మ కేలెండర్ మీద ఆ కలిసే రోజుకి సున్నా చుడుతుంది కదా? ఊళ్ళో మొగుళ్ళు వెళ్ళిన ఆడవాళ్ళందరికీ అది ఒకే రోజు వస్తుంది. ఆరోజు ఊళ్ళో ఏం చేస్తారు? కొన్నాళ్ళకి అదొక పండగ అవుతుందని నా నమ్మకం. మా విజయనగరం పైడితల్లి సిరిమాను జాతరకి ఉన్నట్టు దానికీ ఒక పద్ధతి, ఒక పిండివంట ఏర్పడతాయి. భవిష్యత్తు అంటే నాకు ముందు కనిపించేవి ఇవే.

సోంపేట_టీచరమ్మ:

మాస్టారూ, పలాస తమ్ముడూ, బొబ్బిలి వారూ, అందరికీ నమస్కారాలు. నిన్న రాత్రి అంతా ఇదే చదువుతూ కూర్చున్నాను. మొదటి పేజీలో ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునే సీను తీసేశాను. దాని బదులు ఆమె పంపిన మాటకి జవాబు వచ్చేలోపు ముప్పావుగంటలో చేసే పనులు రాశాను: చేపలు తిరగేయడం, కాకుల్ని తోలడం, అత్తకి మాత్ర వేయడం. రాస్తుంటే ఇంతకుముందు లేని ఒడుపు వచ్చింది. రక్తం తీసుకునే రోజు రాయడానికి మాత్రం కొంచెం భయంగా ఉంది, మా ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉన్న సంగతి అది. రాస్తాను.

ఒక్కటి మాత్రం తేలడం లేదు. చివర్లో అతను తిరిగి రావాలా, రాకూడదా? వస్తే సినిమాలా ఉంటుందేమో, రాకపోతే కావాలని ఏడిపించినట్టు ఉంటుందేమో.

విజయనగరం_సిగ్నల్:

అమ్మా, దీనికి జవాబు మీరు పెట్టుకున్న నియమాల్లోంచే రావాలి. అతను ఏ పేరు మీద వెళ్ళాడు, ఎవరి రక్తం మీద వెళ్ళాడు, దారి తెరుచుకున్నప్పుడు ఓడలో చోటు ఎవరికి ముందు ఇస్తారు? ఇవన్నీ ఒక కాగితం మీద ఉంటాయి. ఆ కాంట్రాక్టు కాగితాన్ని కథలో పెట్టండి. ఏ భాషలో ఉంది, అడ్వాన్సు ఎంత, ఆ అడ్వాన్సుతో ఏ అప్పు తీర్చారు, జబ్బు చేస్తే తిరుగు ఖర్చు ఎవరిదని రాసుంది, పైడమ్మ చేత ఎక్కడ సంతకం పెట్టించారు. ముందు ఆ కాగితం మొత్తం మీరు విడిగా రాసి పెట్టుకోండి, కథలోకి అయిదారు వాక్యాల కంటే తేకపోయినా పరవాలేదు. అది రాయడం పూర్తయ్యేసరికి అతను వస్తాడో రాడో మీకే తెలిసిపోతుంది.

భయపడకుండా రాయండి. అచ్చుకి ఇచ్చేముందు మీ ఊళ్ళో ఆ జబ్బుతో ఉన్న ఒకరికి చదివి వినిపించండి. నా అభిప్రాయం కంటే అది ముఖ్యం. ఆ తరవాత నాకూ ఒక కాపీ పంపండి. బొబ్బిలి బాబుకి కూడా పంపండి, కెమెరా పట్టుకుని మీ తీరానికి రావాల్సిన పని అతనికీ ఉంది.

బొబ్బిలి_కెమెరా:

పంపండి మేడమ్. ఎర్రమట్టి కోసం నేను వేరే చోటుకి వెళ్ళనక్కర్లేదు కూడా, భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయి. మీరు రాసిన ఆ ముప్పావుగంట మాత్రం కట్ చేయకుండా ఎలా తీయాలా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. చేపలు ఎండబెట్టే వేళ ఎన్ని గంటలకో చెప్పండి, ఒకసారి వచ్చి వెలుతురు చూసుకుంటాను.